గిటార్ బాడీలో వైర్ల దారి: గుంతలు తవ్వకముందే తేల్చుకోవాల్సిన సంగతి

మీరు అడిగింది ఇది: 44 మి.మీ. మందం ఉన్న ఒకే పలకతో ఎలక్ట్రిక్ గిటార్ బాడీ కోస్తున్నారు. రెండు హమ్‌బకర్లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే జంట కాయిల్ పికప్‌లు), బోల్టులతో బిగించే నెక్, వెనకనుంచి తవ్వే కంట్రోల్ క్యావిటీ (వాల్యూమ్, టోన్ తిప్పే పాట్లు కూర్చునే గుంత), పక్క అంచులో జాక్ (కేబుల్ ప్లగ్ దూర్చే చోటు). పికప్ వైర్లను కంట్రోల్ క్యావిటీకి చేర్చడానికి పైన రూటర్‌తో (చెక్కను తవ్వే మరతో) కాలువ తీయాలా, పొడవాటి బిట్‌తో లోపల్లోపలే బెజ్జం వేయాలా, ఆ పని ఏ దశలో చేయాలి?

సూటిగా చెప్తాను. మీ డిజైన్‌లో పిక్‌గార్డ్ (బాడీ పైన బిగించే ప్లాస్టిక్ పలక) లేదు, పైన అతికించే టాప్ (వేరే చెక్క పలక) కూడా లేదు. పైనుంచి కాలువ తీస్తే దాన్ని దాచే దారి లేదు. చెక్క బద్ద అతికించి పూడ్చినా ఆ అతుకు పాలిష్ కింద కనబడుతూనే ఉంటుంది. కాబట్టి డ్రిల్లే. రెండు ముఖ్యమైన బెజ్జాలు వేయాలి. మొదటిది నెక్ పాకెట్‌లోంచి (నెక్ కూర్చునే గుంతలోంచి) మొదలై నెక్ పికప్ గుంత మీదుగా బ్రిడ్జ్ (తీగలు ఆనే భాగం) పికప్ గుంతలోకి. రెండోది బ్రిడ్జ్ పికప్ గుంతలోంచి ఐమూలగా కంట్రోల్ క్యావిటీలోకి. వీటికి తోడు జాక్ బెజ్జం, బ్రిడ్జ్ ఎర్త్ వైరుకు ఒక సన్న బెజ్జం. ఇవన్నీ ఎక్కడ మొదలై, ఏ లోతులో, ఏ కోణంలో వెళ్తాయన్నది ఒక్క గుంత కూడా తవ్వకముందే కాగితం మీద తేలిపోవాలి. నేను చూసిన పాడైపోయిన బాడీల్లో చాలావాటికి కారణం చేతి పనితనం తక్కువై కాదు, ఈ బొమ్మ గీసుకోకపోవడమే.

పైనుంచి చూసే బొమ్మ అందరూ గీస్తారు. వైర్లకు పనికొచ్చేది పక్కనుంచి చూసే అడ్డుకోత బొమ్మ. బెజ్జం వెళ్లే గీత వెంట బాడీని నిలువునా కోస్తే ఎలా కనబడుతుందో అసలు సైజులో గీయండి. బాడీ మందం 44. హమ్‌బకర్ గుంత పైనుంచి 19 మి.మీ. లోతు అనుకుందాం (పికప్‌ను బిగించే స్క్రూలు దిగే చెవుల దగ్గర ఇంకా లోతు ఉంటుంది, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు). కంట్రోల్ క్యావిటీ వెనకనుంచి వచ్చి పైన 6 మి.మీ. చెక్క మిగిల్చి ఆగుతుంది, ఎందుకంటే పాట్ మర ఆ చెక్కలోంచి పైకి వచ్చి నట్టు పట్టాలి. బ్రిడ్జ్ పికప్ గుంతకూ కంట్రోల్ క్యావిటీకీ మధ్య 60 మి.మీ. చెక్క ఉందనుకుందాం.

ఇప్పుడు 8 మి.మీ. బిట్ తీసుకోండి. బ్రిడ్జ్ పికప్ గుంత గోడమీద పైనుంచి 12 మి.మీ. కింద మధ్యబిందువు పెట్టి, 15 డిగ్రీల వాలులో కిందికి దించితే 60 మి.మీ. దూరానికి బిట్ సుమారు 16 మి.మీ. దిగుతుంది. అంటే కంట్రోల్ క్యావిటీలోకి పైనుంచి 28 మి.మీ. దగ్గర బయటపడుతుంది. వెనక్కి ఇంకా 16 మి.మీ. ఉంది. భయం లేదు. ఇక అవతలి వైపు చూడండి. బిట్ కాడ గుంత ఎదుటి అంచుమీదుగా పోవాలి. గుంతను ఐమూలగా దాటితే ఆ దూరం సుమారు 75 మి.మీ. అంతలో బిట్ మధ్యరేఖ 20 మి.మీ. పైకి లేస్తుంది, అంటే బాడీ ఉపరితలానికి 8 మి.మీ. పైన. బిట్ సగం మందం 4 తీసేస్తే అంచుకూ కాడకూ మధ్య 4 మి.మీ. ఖాళీ. సరిపోతుంది.

అదే బెజ్జాన్ని గుంత ఇరుకు వైపునుంచి, అంటే 40 మి.మీ. వెడల్పు మీదుగా వేయాలనుకుంటే చూడండి ఏమవుతుందో. అంచు తగలకుండా ఉండాలంటే వాలు 23 డిగ్రీలదాకా పెంచాలి. ఆ వాలులో 60 మి.మీ. పోయేసరికి బిట్ 25 మి.మీ. దిగి మధ్యబిందువు 37 దాటుతుంది, దాని కింది అంచు 42కి దగ్గరవుతుంది. వెనక మిగిలేది 2 మి.మీ. చెక్క. కవర్ ప్లేట్ కూర్చునే మెట్టు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి మెట్టు చీలిపోయే అవకాశమే ఎక్కువ. ఒకే బెజ్జం, ఒకే బిట్, దిశ మారితే ఒకటి క్షేమం, రెండోది బాడీ వెనక చిల్లు. అందుకే బ్రిడ్జ్ పికప్ గుంతలో బాస్ (లావు తీగల) వైపు ముందు మూల మీదుగా బిట్ పెట్టి ట్రెబుల్ (సన్న తీగల) వైపు వెనక మూలలోకి గురిపెట్టమంటాను. హమ్‌బకర్ గుంత పొడుగంతా మీకు కలిసొస్తుంది.

బిట్ పొడవు కూడా ఈ బొమ్మలోనే తేలుతుంది. డ్రిల్ చక్ (బిట్‌ను పట్టుకునే మూతి) సగం మందం సుమారు 20 మి.మీ. అది బాడీని తాకకుండా ఉండాలంటే 15 డిగ్రీల వాలులో గోడనుంచి సుమారు 120 మి.మీ. దూరంలో ఉండాలి. దానికి తవ్వాల్సిన 60, చక్‌లోకి పోయే 25 కలిపితే 200 దాటింది. మామూలు బిట్ చాలదు, 250 లేదా 300 మి.మీ. పొడుగు బిట్ తీసుకోండి. చిన్న బిట్‌తో ఎలాగో సర్దుకుందామని డ్రిల్‌ను పైకెత్తితే వాలు పెరిగిపోతుంది, అక్కడే కథ అడ్డం తిరుగుతుంది.

బెజ్జం సైజు గురించి. నాలుగు తీగల హమ్‌బకర్ వైరు 4 మి.మీ. లోపే ఉంటుంది. అల్లిక తొడుగు ఉన్న పాత తరహా వైరు కొంచెం లావు. ఒక వైరు పోవడానికి 6 చాలు. బ్రిడ్జ్ గుంతనుంచి కంట్రోల్ క్యావిటీకి రెండు పికప్‌ల వైర్లూ పోతాయి కాబట్టి 8 వేయండి, గుయ్‌మనే శబ్దం రాకుండా రెండు గుంతల లోపల వేసే కాపర్ టేపును కలిపే వైరు ఒకటి పోయినా ఇరుకు కాదు. 10 వేస్తే వైర్లు లాగడం ఇంకా సుఖం, కానీ అంచు దగ్గర ఖాళీ 1 మి.మీ. తగ్గుతుందని గుర్తుంచుకోండి. చెక్క తీసేస్తే మోత మారిపోతుందని దిగులుపడేవాళ్లకు ఒక లెక్క: 8 మి.మీ. బెజ్జం 100 మి.మీ. పొడవున వేస్తే పోయేది 5 ఘనపు సెంటీమీటర్ల చెక్క. మహోగనిలో అది 3 గ్రాముల లోపు. ఆ దిగులు అక్కర్లేదు.

ఇక నెక్ పాకెట్ బెజ్జం. ఇది రెండింటిలో సులువైనది, ఎందుకంటే దాదాపు అడ్డంగా పోతుంది. పాకెట్ లోతు మామూలుగా 16 మి.మీ. బెజ్జం మధ్యబిందువు పైనుంచి 11 దగ్గర పెడితే దాని కింది అంచు 15 దగ్గర ఉంటుంది. పాకెట్ నేలమీద 1 మి.మీ. మందం అట్టముక్క పరిచి బిట్ కాడను దానిమీద ఆనిస్తే ఎత్తు దానంతటదే కుదురుతుంది, నేల కూడా గీరుకుపోదు. పాకెట్ పొడవు 76, మధ్య గోడ, నెక్ పికప్ గుంత 40, రెండు పికప్ గుంతల మధ్య చెక్క 70, అన్నీ కలిపినా 200 మి.మీ. దగ్గరే. 300 బిట్ ఉంటే చక్ బాడీ మడమకు (నెక్ బిగించే కొసకు) చాలా అవతలే ఉంటుంది. రెండు కొమ్ముల బాడీ అయితే డ్రిల్ కొమ్ముల మధ్య పడుతుందో లేదో బిట్ పెట్టి ఒకసారి చూసుకోండి. నెక్ బిగించాక ఈ బెజ్జం నోరు ఎవరికీ కనబడదు. టెలీకాస్టర్ (ఫెండర్ కంపెనీ మోడల్) తరహా బాడీలకు ఈ పద్ధతి బాగా వాడుకలో ఉంది. అదే కంపెనీ స్ట్రాటోకాస్టర్‌లో ఈ బాధే లేదు. 1954లో వచ్చిన ఆ డిజైన్‌లో పికప్‌లు, పాట్లు అన్నీ పిక్‌గార్డ్‌కే వేలాడతాయి, వైర్లు దాని కిందే తిరుగుతాయి. జాక్‌కూ వెనక స్ప్రింగుల గుంతకూ మాత్రమే బెజ్జాలు కావాలి.

వరుస ఇలా పెట్టుకోండి. నెక్ పాకెట్, పికప్ గుంతలు, కంట్రోల్ క్యావిటీ టెంప్లేట్లతో తవ్వాలి. వెంటనే బెజ్జాలు. ఆ తర్వాతే అంచులు గుండ్రం చేయడం, పొట్ట వైపు, చేయి ఆనే వైపు వాలులు చెక్కడం, సాండింగ్. పైభాగం చదునుగా ఉన్నప్పుడే కోణాలు కొలవగలరు, టేబుల్‌కు బిగించగలరు. బిట్ కాడ అంచును కాస్త ఒరుసుకున్నా ఆ గీత సాండింగ్‌లో పోతుంది. లక్కర్ కొట్టాక పొడవాటి బిట్ ఆ బాడీ దగ్గరికే రాకూడదు. సెలెక్టర్ స్విచ్‌ను (ఏ పికప్ మోగాలో ఎంచుకునేదాన్ని) పై కొమ్ము దగ్గర పెట్టాలనుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: స్విచ్ నుంచి వచ్చే బెజ్జం పొట్ట వాలు చెక్కే చోటికి దగ్గరగా పోతుంది. వాలు చెక్కాక అక్కడ ఎంత మందం మిగులుతుందో అడ్డుకోత బొమ్మలో ముందే చూపించాలి.

బెజ్జం వేసే తీరు కొంచెం వివరంగా చెప్తాను, అసలు పని ఇక్కడే ఉంది. బాడీ పైన పెన్సిల్‌తో బెజ్జం వెళ్లే గీత గీయండి, గుంతకు రెండు వైపులా బాగా పొడిగించి. 15 డిగ్రీల వాలుతో ఒక ప్లైవుడ్ ముక్కను త్రికోణంగా కోసుకొని ఆ గీత పక్కన నిలబెట్టి, రెండు ముఖాల టేపుతో అంటించండి. బిట్ కాడ ఆ ముక్క వాలుకు సమాంతరంగా ఉందో లేదో పక్కన నిలబడినవాళ్లు చూసి చెప్పాలి. డ్రిల్ పట్టుకున్న మనిషికి పక్కవాటు తప్పు కనబడుతుంది గానీ వాలు తప్పు కనబడదు. ఇంకో మనిషి తోడుంటే మంచిది. లేకపోతే ఫోన్ కెమెరాను పక్కన నిలబెట్టి చూసుకుంటూ చేయండి.

పొడవాటి బిట్‌ను నేరుగా గోడకు ఆనించి ట్రిగ్గర్ నొక్కొద్దు. మొన గోడమీద జారి గుంత నేల వైపో పై అంచు వైపో పోతుంది. ముందు దబ్బనంతో గుర్తు పొడవండి. మధ్యలో ముల్లు ఉండే బ్రాడ్ పాయింట్ బిట్ అయితే ఆ గుర్తులో కూర్చుంటుంది. మొదటి అర అంగుళం చాలా నెమ్మదిగా పోనివ్వండి. బిట్ పూర్తిగా చెక్కలో కూర్చున్నాక మాత్రమే కాస్త వేగం. ప్రతి 15 మి.మీ.కు ఒకసారి బిట్ తిరుగుతుండగానే బయటికి లాగి పొట్టు దులపండి. పొట్టు ఇరుక్కుంటే బిట్ వేడెక్కుతుంది, దాంతోపాటు పక్కకు తోసుకుపోతుంది. నొక్కొద్దు, పొడవాటి సన్న బిట్ వంగేది మన బరువుకే.

చెక్కను బట్టి కూడా మారుతుంది. ఆల్డర్, బాస్‌వుడ్, మహోగని లోపలంతా ఒకే తీరుగా ఉంటాయి, బిట్ చెప్పినట్టు పోతుంది. యాష్‌లో మెత్తటి పొర, గట్టి పొర ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఏటవాలుగా పోయే బిట్ గట్టి పొరకు తగిలి మెత్తటి దాని వెంట జారాలని చూస్తుంది. యాష్ అయితే ముందు 4 మి.మీ. బిట్‌తో రెండు వైపులనుంచీ సగం సగం వేసి మధ్యలో కలపండి, ఆ తర్వాత 8తో పెద్దది చేయండి. కంట్రోల్ క్యావిటీ వైపునుంచి వేసేటప్పుడు బాడీని తిరగేయాలి కాబట్టి వాలు దిశ కూడా తిరగబడుతుంది, గీతలు రెండు వైపులా గీసుకోవాలి. మధ్యలో 1 మి.మీ. అటూ ఇటూ తేడా వచ్చినా వైరుకు పట్టింపు లేదు.

బిట్ అవతలి గుంతలోకి బయటపడే చోట పెచ్చులు లేస్తాయి. ఆ గోడకు ఆనేలా చెక్కముక్క ఒకటి బిగించి పెడితే బెజ్జం నోరు శుభ్రంగా వస్తుంది. కనబడని చోటే కదా అనుకోవచ్చు, కానీ ఆ పెచ్చు కంట్రోల్ క్యావిటీ కవర్ కూర్చునే మెట్టుదాకా చీలితే అది కనబడే చోటే. బెజ్జాలన్నీ అయ్యాక గుండ్రటి ఆకురాయితో రెండు నోళ్ల అంచులూ మొద్దుబార్చండి. పదునైన అంచుమీదుగా వైరు లాగితే తొడుగు కోసుకుపోయి లోపలి తీగ కాపర్ టేపుకు తగులుతుంది. గిటార్ మోగకపోవడానికి కారణం వెతుక్కుంటూ సోల్డర్లన్నీ ఊడదీస్తారు గానీ ఆ చోటు ఎవరికీ తట్టదు.

జాక్ బెజ్జం సంగతి. అంచు గుండ్రం చేయకముందే, వీలైతే డ్రిల్ ప్రెస్ మీద బాడీని నిలబెట్టి వేయండి. గుండ్రటి జాక్ కప్పుకు 22 మి.మీ. ఫోర్‌స్ట్నర్ బిట్ (చదునైన అడుగుతో వెడల్పు బెజ్జం వేసేది) కావాలి. ఇక్కడ జరిగే పొరపాటు వెడల్పులో కాదు, లోతులో. ప్లగ్ దూర్చినప్పుడు దాని మొన జాక్‌లోని స్ప్రింగ్ రేకును బయటికి నెడుతుంది. ఆ రేకు వెనక కాపర్ టేపు వేసిన గోడ దగ్గరగా ఉంటే సిగ్నల్ నేరుగా ఎర్త్ అయిపోతుంది. ప్లగ్ లేకుండా మీటర్‌తో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, ప్లగ్ పెట్టగానే మూగబోతుంది. బెజ్జం వేసే ముందు జాక్‌లో ప్లగ్ దూర్చి, రేకు ఎంతదాకా వస్తుందో స్కేలుతో కొలవండి. దానికి ఇంకో 5 మి.మీ. కలిపి చోటు వదలండి.

బ్రిడ్జ్ ఎర్త్ వైరుకు 3 మి.మీ. బెజ్జం చాలు. చాలామంది దీన్ని మర్చిపోయి లక్కర్ అయ్యాక గుర్తు తెచ్చుకుంటారు. స్టడ్‌ల (చెక్కలో దిగే రెండు లావు మరల) మీద నిలబడే బ్రిడ్జ్ అయితే ఒక స్టడ్ బెజ్జం గోడలోంచి కంట్రోల్ క్యావిటీలోకి వేయండి. వైరు కొసను 20 మి.మీ. ఒలిచి, స్టడ్ బెజ్జంలో మడిచి, దానిమీద ఇత్తడి బుషింగ్‌ను (స్టడ్ మర పట్టే గొట్టాన్ని) కొట్టి దించితే గట్టిగా పట్టుకుంటుంది. చదునైన బ్రిడ్జ్ అయితే ప్లేటు కిందికి వచ్చేలా వేయాలి, ఒలిచిన తీగను విప్పి పరిచి ప్లేటు దానిమీద బిగించాలి. తీగలను చేత్తో తాకితే గుయ్‌మనే శబ్దం తగ్గేది ఈ ఒక్క వైరు వల్లే.

ఇప్పుడు రూటర్ కాలువ ఎప్పుడు మంచిది అన్నది. తర్వాతి గిటార్‌కు టాప్ అతికించే ఆలోచన ఉంటే డ్రిల్ గొడవే ఉండదు. లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ మోడల్) బాడీలో మహోగని మీద మేపుల్ టాప్ అతికించకముందే వైర్ల కాలువ మహోగనిలో తవ్వేస్తారు. మీరూ అలాగే చేయొచ్చు. 6 మి.మీ. టాప్, 19 మి.మీ. పికప్ గుంత అయితే కింది చెక్కలోకి వచ్చే గుంత 13. కాలువను 10 వెడల్పు, 12 లోతు పెట్టండి. 6 మి.మీ. స్పైరల్ బిట్‌తో ఒక్కో విడతకు 3 మి.మీ. మించకుండా దిగండి, రెండు వరసల్లో వెడల్పు వస్తుంది. ఇక్కడ వరుస తిరగబడుతుంది: కాలువ ముందు, గుంతలు తర్వాత. పైభాగం మొత్తం నిండుగా ఉన్నప్పుడు రూటర్ అడుగుకు పూర్తి ఆధారం ఉంటుంది. గుంతలు ముందే తవ్వేస్తే వాటి అంచుమీద రూటర్ ఒరిగిపోయి కాలువ గోడను కొరికేస్తుంది. కాలువ రెండు కొసలూ రాబోయే గుంతల హద్దులోకి 10 మి.మీ. చొచ్చుకుపోయేలా తీయండి.

రూటర్ నడిపే దిశ తెలిసుండాలి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు లాగే తిరుగుతుంది. చెక్క నిండా కోస్తూ ముందుకు తోస్తే రూటర్ ఎడమకు లాగుతుంది. కాబట్టి వంపులేని పట్టీని ఎడమవైపు బిగిస్తే రూటర్ దానికే ఆనుకొని నడుస్తుంది. కుడివైపు బిగిస్తే పట్టీనుంచి దూరంగా పారిపోతుంది. టెంప్లేట్ లోపల గుంత గోడల వెంట గడియారం దిశలో, బాడీ బయటి అంచు చుట్టూ దానికి ఎదురు దిశలో నడపాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, పొట్టు ముక్కులోకి పోకుండా మాస్క్ లేకుండా రూటర్ ఆన్ చేయొద్దు.

టాప్ అతికించేటప్పుడు కాలువకు రెండు వైపులా 4 మి.మీ. వదిలి జిగురు పూయండి, క్లాంప్ నొక్కుడుకు అదే అక్కడిదాకా పాకుతుంది. జిగురు పూయకముందే మైనం రాసిన గట్టి తాడు కాలువలో పరిచి రెండు కొసలూ బయటికి వదిలేయండి. క్లాంపులు బిగించిన అరగంటకు దాన్ని అటూ ఇటూ లాగితే లోపలికి కారిన జిగురు గడ్డకట్టకుండా తుడిచిపెట్టుకుపోతుంది. టాప్ మరీ పలచగా, 3 మి.మీ. లోపు ఉంటే కాలువ మీదుగా పోనివ్వొద్దు. ఋతువులు మారి చెక్క ఉబ్బి తగ్గేసరికి నిగనిగలాడే లక్కర్ మీద కాలువ గీత పడుతుంది.

షీల్డింగ్ గురించి రెండే మాటలు. గుంతలకు కాపర్ టేపు వేయండి, ఒక గుంత టేపు ఇంకో దానితో వైరుతో కలిపి ఎర్త్ చేయండి. పికప్ వైరుకు లోహపు తొడుగు ఉంటే బెజ్జాల లోపల టేపు అక్కర్లేదు.

వైర్లు లాగడానికి పాత గిటార్ E తీగ ఒకటి చాలు. కంట్రోల్ క్యావిటీ వైపునుంచి దూర్చి, పికప్ గుంతలో కొస బయటికి రాగానే వైరును దానికి టేపుతో చుట్టి వెనక్కి లాగండి. వంపు తిరిగిన దారిలో తీగ పోకపోతే దారం కొస బెజ్జం ఒక నోట్లో పెట్టి దాని రెండో నోటి దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెట్టండి, దారం వచ్చేస్తుంది.

మీ బ్రిడ్జ్ పికప్ గుంతకూ కంట్రోల్ క్యావిటీకీ మధ్య దూరం మీరు రాయలేదు. నేను 60 అనుకొని లెక్కేశాను. అది 80 దాకా ఉంటే మధ్యబిందువును పైనుంచి 10 మి.మీ.కు తెచ్చి వాలు 12 డిగ్రీలకు తగ్గించండి. బిట్ 17 మి.మీ. దిగి 27 దగ్గర బయటపడుతుంది, ఎదుటి అంచు దగ్గర 2 మి.మీ. ఖాళీ మాత్రం మిగులుతుంది కాబట్టి ఆ అంచుమీద పలచటి రేకు ముక్క టేపుతో అంటించి వేయండి. చక్ బాడీకి ఇంకా దగ్గరవుతుంది కాబట్టి 250 బిట్ కాకుండా 300 బిట్టే వాడండి.